మా పాప ఆ పుస్తకం మూసేసింది, ఏం చేయను?

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ మాటల మధ్యలో ‘లిటిల్ ప్రిన్స్’ పేరు ఎత్తాను, అదీ ఒక్క వాక్యంలో. ఎడారిలో విమానం కూలిన ఒక పైలట్‌కి, వేరే చిన్న గ్రహం నుంచి వచ్చిన రాకుమారుడు ఎదురయ్యే కథ అది. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. 1943లో వచ్చిన ఒక ఫ్రెంచ్ పిల్లల పుస్తకాన్ని గుంటూరులో, విశాఖలో, హైదరాబాద్‌లో ఇంతమంది ఇంకా దిండు కింద పెట్టుకుంటున్నారని తెలిసి చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి ఉన్న చోటంతా దానికే.

ప్రశ్న: డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేట్ ఇస్తే లిటిల్ ప్రిన్స్ ఒక్క రాత్రిలో చదివి ఏడ్చాను. ఇప్పటికీ ఏడాదికోసారి చదువుకుంటాను. మా పాపకి తొమ్మిదేళ్లు నిండగానే పుట్టినరోజుకి అదే కొనిచ్చాను. పన్నెండు పేజీలు చదివి "బోర్ కొడుతోందమ్మా" అని మూసేసింది. చిన్న విషయమే కానీ రెండు రోజులు బాధగా ఉండిపోయింది. అసలిది పిల్లల పుస్తకమేనా? నేనే పొరబడ్డానా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చిన్న విషయమేమీ కాదమ్మా. మనం ప్రాణంగా చూసుకునేదాన్ని పిల్లలు పక్కన పడేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

పిల్లల పుస్తకమేనా అన్న అనుమానం ముందు రచయితకే వచ్చింది. ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరీ ఈ పుస్తకాన్ని లియాన్ వెర్త్ అనే పెద్దాయనకి అంకితమిచ్చి, పెద్దవాళ్లకి ఇస్తున్నందుకు పిల్లల్ని క్షమించమని అడిగాడు. ఆ స్నేహితుడు ఫ్రాన్స్‌లో ఆకలితో, చలితో ఉన్నాడని, ఓదార్పు కావాలని కారణం చెప్పాడు. అదీ చాలకపోతే, ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి రోజులకి అంకితమిస్తానని మార్చి రాశాడు. వెర్త్ యూదుడు. జర్మన్లు ఫ్రాన్స్‌ని ఆక్రమించిన ఆ రోజుల్లో ఊరికి దూరంగా జురా కొండల వైపు తలదాచుకున్నాడు. కాబట్టి ఇది ఇద్దరికీ రాసిన పుస్తకం. పిల్లలకి కథ, పెద్దవాళ్లకి ఓదార్పు. మీకు హాస్టల్లో అందింది రెండోది. మీ పాపకి ఇంకా మొదటిదే అందాలి.

ఇంకో మాట, మీరు కొన్నది ఏ ఇంగ్లిష్ అనువాదమో చూడండి. కాథరిన్ వుడ్స్ చేసిన 1943 నాటి అనువాదమైతే మొదటి వాక్యంలోనే "ప్రైమీవల్ ఫారెస్ట్" అని తగులుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట దగ్గరే ఆగిపోతే అది పుస్తకం తప్పు కాదు, పిల్ల తప్పు అంతకంటే కాదు.

ఇప్పుడేం చేయాలంటే, జవాబు ఆ పుస్తకంలోనే ఉంది, నక్క దగ్గర. తనని మచ్చిక చేసుకోవాలంటే ఎలాగో అది రాకుమారుడికి చెబుతుంది కదా: ముందు కాస్త దూరంగా గడ్డిలో కూర్చో, ఏమీ మాట్లాడకు, నేను ఓరకంట చూస్తుంటాను, రోజూ కొంచెం దగ్గరికి జరుగు, అదీ రోజూ ఒకే వేళకి రా. మీరు పాప చేతిలో పుస్తకం పెట్టి, నాకు నచ్చింది నీకూ నచ్చాలి అన్నట్టు ఎదురుగా నిలబడ్డారు. నేనూ మా అక్క కూతురితో ఇదే చేశాను, అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. అది నా ముఖం కేసి చూసిందే తప్ప పుస్తకం కేసి చూడలేదు.

తర్వాత నేను ఊరుకున్నాను. పుస్తకం సోఫా మీద తెరిచి వదిలేసేదాన్ని, రాకుమారుడు గొర్రె బొమ్మ అడిగితే పైలట్ గీసిచ్చిన పెట్టె బొమ్మ దగ్గర. గొర్రె కనబడదు, ఉత్త పెట్టె, దానికి పక్కన మూడు చిల్లులు, అంతే. ఒకరోజు వంటింట్లోంచి చూస్తే ఆ పిల్ల పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని ఒక కన్ను మూసి ఆ చిల్లుల్లోంచి లోపలికి చూస్తోంది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం తనే వచ్చి "పిన్నీ, గొర్రె పడుకుందా?" అని అడిగింది. పుస్తకంలో రాకుమారుడు కూడా ఆ పెట్టెలోకి తొంగి చూసి గొర్రె నిద్రపోయిందనే అంటాడు, ఆ సంగతి దానికి అప్పటికి తెలియదు.

కాబట్టి చదవమనకండి, మీరే చదివి వినిపించండి. ఇంగ్లిష్ పక్కన పెట్టి, పేజీ చూసుకుంటూ మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పేయండి. మొత్తం 27 అధ్యాయాలు, కొన్ని ఒకటి రెండు పేజీలకి మించవు. అన్నం తిన్నాక రోజూ ఒకే వేళకి ఒకటి చొప్పున చెబితే నెలలోపే అయిపోతుంది. రాజు, గొప్పలకి పోయే మనిషి, నక్షత్రాలు లెక్కపెట్టుకునే వ్యాపారి, వీళ్ల దగ్గర పిల్లలు పడీ పడీ నవ్వుతారు, అక్కడ తొందరపడకండి. చివర రాకుమారుడి దగ్గరికి పాము వచ్చే చోట మాత్రం పాపని ఒంటరిగా వదలకండి, పక్కనే ఉండండి. "చచ్చిపోయాడా?" అని అడుగుతుంది. "నాకూ ఖచ్చితంగా తెలీదమ్మా, నువ్వేమనుకుంటున్నావ్?" అనండి. రచయిత కూడా అక్కడ తేల్చి చెప్పలేదు.

ప్రశ్న: ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నాను. ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడాది. లిటిల్ ప్రిన్స్ ఇంగ్లిష్‌లో చదివాను, చాలా నచ్చింది. మళ్లీ ఫ్రెంచ్‌లో చదవడం వల్ల ఉపయోగం ఉందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా చదవండి తమ్ముడూ. తెలుగువాళ్లం కాబట్టి మనకి ఇంకా ఎక్కువ ఉపయోగం, ఎందుకో చెబుతాను.

ఫ్రెంచ్‌లో మనలాగే నువ్వు, మీరు ఉన్నాయని మీకు తెలుసు, తు, వూ. ఇంగ్లిష్‌లో రెండూ కలిసి "యూ" అయిపోయాయి, దాంతో ఈ పుస్తకంలో సగం మనసు కనబడకుండా పోయింది. ఎడారిలో పైలట్‌ని రాకుమారుడు మొట్టమొదట అడిగే మాట చూడండి. "సిల్ వు ప్లే" అని మర్యాదగా మొదలుపెట్టి, వెంటనే గొర్రె బొమ్మ గీసి పెట్టు అని నువ్వులోకి దిగిపోతాడు. మన పిల్లలు కొత్తవాళ్లతో "అంకుల్, మీరు... నాకది ఇవ్వవా?" అని తడబడతారే, అచ్చం అలాగే. ఆ ఒక్క వాక్యంలో పిల్లాడి గొంతు వినబడిపోతుంది.

రాకుమారుడి గ్రహం మీద పూసిన గులాబీ సంగతి ఇంకా గొప్పది. అది వికసించిన రోజు నుంచీ ఇద్దరూ "మీరు, మీరు" అనే మాట్లాడుకుంటారు. అది దగ్గుతుంది, గాలికి తెర అడుగుతుంది, సాయంత్రం గాజు మూత పెట్టమంటుంది, అన్నీ మీరులోనే. రాకుమారుడు విసిగిపోయి గ్రహం వదిలి వెళ్లిపోయే రోజున, ఇక ఆపలేనని తెలిశాక, అది మొదటిసారి "నువ్వు" అంటుంది. క్షమించమని అడిగేది, ప్రేమిస్తున్నానని చెప్పేది ఆ నువ్వులోనే. ఇంగ్లిష్‌లో ఎన్నిసార్లు చదివినా నాకిది తెలియలేదు. ఫ్రెంచ్‌లో ఆ పేజీకి వచ్చాక పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనింట్లో ఎన్నో ఏళ్లు మీరు అన్న మనిషి ఒకసారి నువ్వు అంటే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు.

నక్క చెప్పే "అప్రివ్వాజే" కూడా అంతే. ఇంగ్లిష్‌లో "టేమ్" అని పెట్టారు. ఆ మాట వింటే నాకు సర్కస్‌లో కొరడా గుర్తొస్తుంది. మన మచ్చిక అలా కాదు. దూడని మచ్చిక చేసుకుంటాం, కొత్త ఇంట్లో అడుగుపెట్టిన పసిపిల్లని మచ్చిక చేసుకుంటాం, అందులో బలవంతం లేదు, ఓపిక ఉంది, ఇష్టం కూడా ఉంది. రచయిత నక్క చేత చెప్పించిన అర్థం, అంటే బంధం కలుపుకోవడం, ఈ మాటలో ముందే ఉంది.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది, టెన్షన్ పడకండి. కథలో చాలా భాగం "పాసే సాంప్ల్" అనే భూతకాలంలో నడుస్తుంది. మాట్లాడే ఫ్రెంచ్‌లో అది దాదాపు వాడరు కాబట్టి మొదట్లో నేర్పరు. "దీ", "రెపోందీ", "దెమాందా" లాంటి పది పదిహేను రూపాలు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, మూడో అధ్యాయానికల్లా ఆ కాగితం అక్కర్లేకుండా పోతుంది.

ప్రశ్న: రిటైరయ్యాక మనవడి పుస్తకాల్లో దొరికితే చదివాను. రచయిత నిజంగా విమానం నడిపాడా? ఎడారిలో కూలిపోవడం నిజమా, కల్పనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిజమే సార్. 1935 డిసెంబర్ 30న, పారిస్ నుంచి సైగాన్‌కి తక్కువ సమయంలో చేరి రికార్డు కొట్టాలని వెళ్తూ ఉత్తర ఆఫ్రికా ఎడారిలో కూలిపోయారు, ఆయనా, మెకానిక్ ఆంద్రే ప్రెవో. ఇద్దరూ బతికారు కానీ తాగడానికి నీళ్లు లేవు. కొద్దిగా కాఫీ, కాస్త వైను, కొన్ని పళ్లు, అంతే. దాహంతో ఎండమావులు చూస్తూ నడిచి నడిచి, ఇక ప్రాణం పోతుందన్న దశలో ఒంటె మీద వెళ్తున్న ఒక బెడూయిన్, అంటే ఎడారి సంచారి, కంటపడి బతికి బయటపడ్డారు. పుస్తకంలో పైలట్, రాకుమారుడు బావి వెతుక్కుంటూ వెళ్లి తాగిన నీళ్లు అంత తియ్యగా ఉండటానికి కారణం అదేనని నేను నమ్ముతాను.

నక్క కూడా ఊరికే రాలేదు. 1920ల చివర ఆయన మొరాకో తీరంలోని కేప్ జూబీలో ఎయిర్ మెయిల్ స్టేషన్ చూసుకునేవాడు. అక్కడ ఒక ఫెనెక్‌ని పెంచాడు, పిల్లి కంటే చిన్నది, చెవులు మాత్రం ఇంతేసి ఉండే ఎడారి నక్క. దాని గురించి చెల్లెలికి ఉత్తరం రాశాడు, అడవి జంతువులా ఉంది, మచ్చిక కావడం లేదని. పుస్తకంలో ఆయన స్వయంగా వేసిన నక్క బొమ్మ మళ్లీ చూడండి, చెవులు ఎంత పొడుగ్గా ఉంటాయో.

పుస్తకం రాసింది 1942లో, అమెరికాలో, దేశానికి దూరంగా. 1943 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ వచ్చింది. యుద్ధం ముగిశాక, 1946లో గానీ సొంత దేశంలో పాఠకులకి అందలేదు. అప్పటికి ఆయన లేడు. 1944 జూలై 31న కార్సికా నుంచి నిఘా విమానంలో ఒంటరిగా బయల్దేరి తిరిగి రాలేదు. 1998లో మార్సెయ్ దగ్గర సముద్రంలో ఒక జాలరి వలలో వెండి చేతిగొలుసు పడింది. దాని మీద ఆయన పేరు, పక్కన భార్య కన్సువేలో పేరు, ఈ పుస్తకాన్ని అచ్చేసిన న్యూయార్క్ ప్రచురణకర్తల అడ్రసు చెక్కి ఉన్నాయి. విమానం ముక్కలు తర్వాత దొరికాయి, అవి ఆయన విమానానివేనని 2004లో తేల్చారు. గులాబీ ఆ కన్సువేలోనేనని చాలామంది అంటారు, ఆమెకి ఉబ్బసం ఉండేది.

ప్రశ్న: రాకుమారుడు తన చిన్న గ్రహం మీద ఒకే రోజు సూర్యాస్తమయం ఎన్నిసార్లు చూశాడు? నా పుస్తకంలో 43, మా ఫ్రెండ్ పుస్తకంలో 44. పందెం వేసుకున్నాం.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇద్దరూ గెలిచారు. 1943 నాటి న్యూయార్క్ ముద్రణలో 44. తర్వాత ఫ్రాన్స్‌లో వేసినప్పుడు అది 43 అయింది, ఆ ప్రతి నుంచి వచ్చిన అనువాదాల్లో అదే నిలిచిపోయింది. మీ ఫ్రెండ్‌ది పాత లెక్క. విమానంతో పాటు కనబడకుండా పోయిన రోజుకి రచయిత వయసు కూడా 44 ఏళ్లే. అది యాదృచ్ఛికమేనని తెలుసు, అయినా నాకు 44 అని ఉన్న ప్రతి అంటేనే ఇష్టం.