ఏ నిమిషంలో లేచారో రాయి

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను నాయనా. ప్రతిపక్ష ఎంపీ ఒకరు లోక్‌సభలో బిల్లును ఆపడానికి లేచిన సందర్భం తీసుకున్నావు. మంచి విషయం, దీని మీద ఓపికగా రాసేవాళ్లు మనకు తక్కువ. అయితే ‘గళమెత్తారు’ అని నాలుగుచోట్ల రాశావు, ‘నిప్పులు చెరిగారు’ అని రెండుచోట్ల, ‘సభ దద్దరిల్లింది’ అని ఒకచోట. ఆయన ఏ రూలు కింద లేచారు, అప్పుడు సభ ముందు ఏ పని నడుస్తోంది, స్పీకర్ ఏమని తేల్చారు అన్న మూడూ ఎక్కడా రాయలేదు. అవి లేనప్పుడు చదివేవాళ్లకు కేకలు వినిపిస్తాయి, గొడవ దేనికో మాత్రం అంతుబట్టదు.

సభలో అభ్యంతరానికి న్యాయం ఒక్కటే ఉంటే చాలదు, వేళ కూడా కుదరాలి. కేసీ కాలువ కింద సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడివి. నీళ్లొచ్చిన పూట మడవ తిప్పుకోకపోతే తర్వాత ఎవరికి మొరపెట్టుకున్నా చేను తడవదని నీకు చెప్పక్కర్లేదు. అక్కడా అంతే. ఉదయం 10 గంటలకు ఇవ్వాల్సిన నోటీసు పదిన్నరకు ఇస్తే దాంట్లో ఎంత నిజమున్నా పక్కన పెట్టేస్తారు. అందుకే నువ్వు మొదట పట్టుకోవాల్సింది ఆ నిమిషాన్ని.

పాయింట్ ఆఫ్ ఆర్డర్ సంగతి చూద్దాం. లోక్‌సభలో అది 376వ నిబంధన, రాజ్యసభలో 258. ఈ రెండు అంకెలూ తారుమారు చేసి రాసిన వార్తలు తరచూ కనిపిస్తాయి, నువ్వు ఆ పొరపాటు చేయకు. సభ నియమాలకు గానీ, సభ పనిని నడిపే రాజ్యాంగ అధికరణలకు గానీ అర్థం తేల్చమనో, వాటిని అమలు చేయమనో అడగడమే పాయింట్ ఆఫ్ ఆర్డర్. అది స్పీకర్ తేల్చగలిగిన ప్రశ్న కావాలి, ఆ క్షణాన సభ ముందున్న పనికి సంబంధించినది కావాలి. సమాచారం అడగడానికి, తన వైఖరి వివరించుకోవడానికి, ఇలా జరిగితే ఏమిటన్న ఊహాప్రశ్నలకు దాన్ని వాడకూడదు. తీర్మానాన్ని ఓటుకు పెడుతున్నప్పుడు లేవకూడదు. డివిజన్ (ఓట్లు లెక్కించి నమోదు చేయడం) గంటలు వినపడలేదని కూడా లేవకూడదు. దాని మీద చర్చ ఉండదు, స్పీకర్ మాటే ఆఖరు.

అనంతపురం వైపు సభ్యుడొకరు ఏదో బ్యాంకింగ్ బిల్లు మీద చర్చ జరుగుతుండగా పాయింట్ ఆఫ్ ఆర్డర్ అంటూ లేచి కర్ణాటక చేపట్టిన ఎగువ భద్ర ప్రాజెక్టు సంగతి ఎత్తారనుకో. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ఆ ప్రాజెక్టుకు 5,300 కోట్లు ప్రకటించారు, తుంగభద్ర నీళ్ల మీద బతికే మన సీమకు అది గుండెల్లో గుబులే. బాధ న్యాయమైనది, తలుపు మాత్రం అది కాదు. దానికి అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్ ఉంది, పాయింట్ ఆఫ్ ఆర్డర్ కాని విషయాలు ప్రస్తావించే 377వ నిబంధన ఉంది, ప్రశ్నోత్తరాలున్నాయి. స్పీకర్ ‘ఏ రూలు?’ అని అడిగి, జవాబు రాక కూర్చోబెడితే, ‘సీమ గొంతు నొక్కారు’ అన్న శీర్షిక పెట్టాలని నీ చెయ్యి ఉరకలేస్తుంది. ఆగు. అదే సభ్యుడు మర్నాడు జీరో అవర్‌కు నోటీసు ఇచ్చారా, ఇస్తే అవకాశం వచ్చిందా అని చూడు. ఇచ్చినా పదేపదే దొరకలేదంటే అప్పుడు ఆ శీర్షికకు ఆధారం ఉంటుంది.

ఇక బిల్లు. ప్రవేశపెట్టడం, పరిశీలన, క్లాజుల వారీగా ఓటింగ్, ఆమోదం. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో రకం అభ్యంతరం పనిచేస్తుంది. బిల్లు ప్రవేశపెట్టాలంటే మంత్రి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, సభ్యులకు ప్రతులు రెండు రోజుల ముందే అందాలని స్పీకర్ ఆదేశాలు 19ఏ, 19బీ చెబుతాయి. కారణం రాసిచ్చి వీటిని సడలించమని మంత్రి కోరవచ్చు. పొద్దున్నే అనుబంధ ఎజెండాలో బిల్లు ప్రత్యక్షమైనప్పుడు ప్రతిపక్షం లేచేది వీటి ఆధారంతోనే. ప్రవేశ దశలోనే వ్యతిరేకించాలంటే 72వ నిబంధన కింద ఆ రోజు 10 గంటల లోపు, కారణాలు స్పష్టంగా రాసి నోటీసు ఇవ్వాలి. మామూలుగా చిన్న ప్రకటనకే అవకాశం ఉంటుంది. ఈ చట్టం చేసే అధికారం పార్లమెంటుకే లేదన్న కారణం చూపిస్తే మాత్రం పూర్తి చర్చకు స్పీకర్ అనుమతించవచ్చు. కొల్లం ఎంపీ ఎన్.కె. ప్రేమచంద్రన్ లాంటి వాళ్లు ఈ దశలో లేచినప్పటి రికార్డులు తీసి చదువు. ‘ఈ బిల్లు చెడ్డది’ అన్న మాటకూ, ‘ఈ బిల్లును ఇక్కడ, ఇవాళ, ఈ రూపంలో పెట్టడం చెల్లదు’ అన్న మాటకూ తేడా తెలుస్తుంది. మొదటి మాట పరిశీలన దశలో చర్చకు చెందుతుంది. ప్రవేశ దశలో ఆ మాట ఎత్తుకున్న సభ్యుణ్ణి స్పీకర్ వెంటనే కూర్చోమంటారు, అందులో అన్యాయమేమీ లేదు.

సవరణలకైతే బిల్లు పరిశీలనకు వచ్చే రోజుకు ఒక రోజు ముందు నోటీసు ఉండాలి. లేకపోతే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, స్పీకర్ సరేనంటే తప్ప ఆ అభ్యంతరమే నెగ్గుతుంది. బిల్లును హడావుడిగా తెస్తే ప్రతిపక్షానికి నిజంగా పోయేది ఈ గడువు. ‘హడావుడిగా తెచ్చారు’ అని ఊరుకోకుండా ప్రతులు ఎప్పుడు అందాయి, సవరణలకు ఎన్ని గంటలు మిగిలాయి అని లెక్కవేసి రాయి.

ఓటింగ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడు. స్పీకర్ ప్రశ్న పెడతారు. ఒప్పుకున్నవాళ్లు ‘ఆయ్’ అంటారు, ఒప్పుకోనివాళ్లు ‘నో’ అంటారు. అనుకూలురదే పైచేయి అనుకుంటున్నానని స్పీకర్ అంటారు. ఆ ‘అనుకుంటున్నాను’ దగ్గరే సందు ఉంది. అది అప్పటికి అభిప్రాయం మాత్రమే. దాన్ని అక్కడికక్కడే ఎవరైనా కాదంటే, 367వ నిబంధన ప్రకారం లాబీలు ఖాళీ చేయమని ఆదేశిస్తారు. మూడున్నర నిమిషాలు గడిచాక అదే ప్రశ్న రెండోసారి పెడతారు. మళ్లీ కాదంటే ఓట్లు నమోదు చేయిస్తారు. ఎవరు ఎటు వేశారో పేర్లతో సహా చరిత్రలో నిలిచేది అప్పుడే. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి తేల్చేస్తారు, అప్పుడు పేర్లు ఎక్కవు. కాబట్టి ‘బిల్లు ఆమోదం పొందింది’ అని రాసేటప్పుడు మూజువాణి ఓటుతోనా, తలల లెక్కతోనా, డివిజన్‌తోనా అన్నది తప్పకుండా చెప్పు. డివిజన్ ఎవరూ అడగలేదంటే అదీ వార్తే. సభ బయట ‘ప్రాణాలొడ్డి పోరాడాం’ అన్న సభ్యుడు లోపల ఆ ఒక్క మాట అనలేదని రికార్డు చెబుతుంది.

2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల దగ్గర తగవంతా ఈ సందులోనే. ప్రతిపక్షం డివిజన్ అడిగింది. సభ్యులు తమ స్థానాల్లో ఉండి అడగాలి, సభ అదుపులో ఉండాలి అన్నది అధ్యక్ష స్థానం వాదన. స్థానాల్లో నుంచే అడిగామన్నది ప్రతిపక్షం వాదన. బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కాయి, మర్నాడు 8 మంది సభ్యులు సస్పెండ్ అయ్యారు. ఇలాంటిదాని మీద రాసేటప్పుడు వీడియో పక్కన పెట్టుకుని, అడిగిన సభ్యుడు ఆ క్షణాన ఎక్కడ నిలబడి ఉన్నారో చూడాలి. అదొక్కటే తేల్చగలిగితే నీ వ్యాసం మిగతావాటి కంటే పది రెట్లు విలువైనది.

లెక్క విలువ కర్నూలు వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఊరు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నప్పుడు, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. అసలు లెక్కించడమే జరగకపోతే ఏమవుతుందో 2018 మార్చిలో చూశాం. ప్రత్యేక హోదా కోసం మన రాష్ట్ర పార్టీలు అవిశ్వాస నోటీసులు ఇచ్చాయి. 198వ నిబంధన ప్రకారం కనీసం 50 మంది లేచి నిలబడి మద్దతు చూపాలి. వేరే పార్టీల సభ్యులు ప్లకార్డులతో పోడియం ముందు ఉండటంతో సభ సద్దుమణగలేదని, లెక్కించలేనని స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. తర్వాతి సమావేశాల్లో జులై 20న చర్చ జరిగింది, 325-126తో వీగిపోయింది. మార్చిలో జరిగినదాన్ని ‘అవిశ్వాసం తిరస్కరణ’ అని రాసినవాళ్లున్నారు. తిరస్కరించలేదు, అసలు సభ ముందుకే రాలేదు. ఈ తేడా నీ వాక్యంలో కనిపించాలి.

మన ఊరికి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2020 జనవరిలో అమరావతిలోని శాసనమండలి. కర్నూలును న్యాయ రాజధాని చేయాలన్న ప్రతిపాదన ఉన్న బిల్లులు మండలికి వస్తే, 21వ తేదీన ప్రతిపక్షం ముందుగా 71వ నిబంధన కింద ప్రభుత్వ విధానాన్ని కాదనే తీర్మానాన్ని ముందుకు తెచ్చింది. 22న చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ విచక్షణాధికారం ఉపయోగించి బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆ కోరిక సరైన వేళకు, సరైన రూపంలో సభ ముందుకు రాలేదన్నది ప్రభుత్వ పక్షం అభ్యంతరం. 27న శాసనసభ మండలి రద్దు కోరుతూ తీర్మానం చేసింది. హైకోర్టు మన ఊరికి రావాలని కోరుకునేవాడివి కాబట్టి దీని మీద రాస్తే నీ కలం ఒక పక్కకు వాలుతుంది. తప్పేం లేదు, అభిప్రాయం చెప్పు. కానీ ముందు 71వ నిబంధన పాఠం, నోటీసు ఇచ్చిన సమయం, చైర్మన్ అన్న అసలు మాటలు పాఠకుడి ముందు పెట్టి, ఆ తర్వాత చెప్పు.

స్పీకర్‌ను విలన్‌గా గీయడం కొత్తవాళ్లు చేసే మరో పొరపాటు. రూలింగ్ తప్పనిపిస్తే ఏ రూలుకు తప్పో, అంతకుముందు ఇలాంటి సందర్భంలో ఏం చేశారో చూపించు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1967లో స్పీకర్ కాగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. రాష్ట్రపతి ప్రసంగించిన రోజే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు తీసుకున్నారు. పూర్వ ఉదాహరణ అంటే ఇలాంటిది. దాని పక్కన పెట్టి పోల్చు.

సస్పెన్షన్ మాటలు కలగాపులగం చేయకు. ఆ రోజుకు బయటికి వెళ్లమనడం 373వ నిబంధన. సభ తీర్మానంతో సస్పెండ్ చేయడం 374. పోడియంలోకి దూసుకొచ్చిన సభ్యుడి పేరు స్పీకర్ ప్రకటించగానే వరుసగా ఐదు సమావేశ దినాలకు గానీ, ఆ సెషన్‌లో మిగిలిన కాలానికి గానీ, ఏది తక్కువైతే అంతకాలం దానంతటదే పడేది 374ఏ. వాకౌట్ వీటిలో ఏదీ కాదు.

రికార్డు దగ్గర చాలా జాగ్రత్త. రోజువారీ ఎజెండా, ఆ రోజు సభలో జరిగినదాన్ని క్లుప్తంగా చెప్పే బులెటిన్ మొదటి భాగం, సరిదిద్దని చర్చల పాఠం, వీడియో, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని రాయి. తెలుగు అనువాదం విని కొటేషన్ రాయకు, అది దుభాషి మాట. ఎంపీ హిందీలోనో ఇంగ్లిషులోనో అన్నదాన్ని నువ్వే తెలుగు చెయ్యి. పాఠంలో నక్షత్రపు గుర్తులు కనిపిస్తే అక్కడి మాటలు 380వ నిబంధన కింద తొలగించారని అర్థం. వీడియోలో వినపడ్డాయని వాటిని అచ్చువేయకు. తొలగించిన భాగాన్ని ప్రచురించినందుకు బిహార్ శాసనసభ సభాహక్కుల నోటీసు ఇస్తే, 1958లో సెర్చ్‌లైట్ పత్రిక కేసులో సుప్రీంకోర్టు సభ పక్షానే నిలిచింది. సభా కార్యకలాపాలను దురుద్దేశం లేకుండా, ఉన్నదున్నట్టు రాసేవాళ్లకు రాజ్యాంగం 361ఏ అధికరణ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ కోరాలంటే నీ వార్త నిజంగా ఉన్నదున్నట్టు ఉండాలి. ‘గలభా’ అన్న ఒక్క తెలుగు మాట శీర్షికకెక్కినందుకు 1983లో మొదలైన మన శాసనమండలి సభాహక్కుల వివాదం సుప్రీంకోర్టు గడప దాకా వెళ్లింది. ‘సభ దద్దరిల్లింది’ రాసేముందు అది గుర్తు తెచ్చుకో.

ప్రతి అభ్యంతరాన్నీ ప్రజాస్వామ్య రక్షణగా చూపించకు. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, లేదని లేవడం కొన్నిసార్లు కేవలం సాగదీయడానికే. లోక్‌సభలో కోరం మొత్తం సభ్యుల్లో పదో వంతు, అంటే 55. సాగదీత కూడా ప్రతిపక్షానికి ఒక పనిముట్టే, దాన్ని ఆ పేరుతోనే రాయి. అభ్యంతరం వీగిపోయినంత మాత్రాన వృథా అయిందనీ రాయకు. ఆధార్ బిల్లును, రాజ్యసభ ఆపలేని ద్రవ్య బిల్లుగా తేవడం చెల్లదని 2016లో రాజ్యసభలో జైరాం రమేశ్ అన్న మాట అక్కడ నెగ్గలేదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ భిన్నాభిప్రాయం ఆ అభ్యంతరాన్నే సమర్థించింది.

చివరగా, నీ వ్యాసంలో కడప ఉక్కు గురించిన పేరా. విభజన చట్టం 13వ షెడ్యూలు ప్రకారం ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాల్సింది కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్. నువ్వు ‘కేంద్రం హామీ ఇచ్చింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. చట్టంలో ఉన్నది పరిశీలన. మంత్రి సభలో ‘పరిశీలనలో ఉంది’ అంటే అది ప్రభుత్వ హామీల కమిటీ లెక్కలోకి వస్తుంది, నెరవేర్చడానికి మూడు నెలల గడువు ఉంటుంది. నువ్వు రాసిన సభ్యుడు ఆ జవాబు తర్వాత హామీల కమిటీ దాకా వెళ్లారా, అనుబంధ ప్రశ్నతోనే ఆగిపోయారా? ఆ రోజు ప్రశ్న సంఖ్య, జవాబు పాఠం తీసి ఆ పేరా మళ్లీ రాయి. దాంతోపాటు ఎజెండా ప్రతి కూడా జతచేసి పంపు, రెండూ కలిపి చూస్తాను.