తాళాల వ్యాపారానికి గాజులు కుదువ పెట్టాలా?

ప్రశ్న: అనంతపురంలో కార్ల షెడ్డు నడుపుతున్నాను. తుక్కుకు పోయే కార్లలోని ఇగ్నిషన్ లాకులు, తాళాలు అమ్మితే బాగా మిగులుతోంది. సెట్టు 500కు దొరికితే 1,500కు పోతుంది. గుజిరీ అంగడాయన 300 సెట్లు ఒకేసారి ఇస్తానంటున్నాడు. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి, రూపాయి వడ్డీకి లక్షన్నర తెద్దామనుకుంటున్నా. నెలకు పది దాకా తాళాల పని వస్తుంది. ముందుకు పోవచ్చా?

జవాబు: వ్యాపారం చేయండి. గాజులు మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి.

మీరు రాసిన అంకెలే తీసుకుందాం. నెలకు పది చొప్పున 300 సెట్లు పోవడానికి 30 నెలలు పడుతుంది. లక్షన్నరకు రూపాయి వడ్డీ అంటే నెలకు 1,500. అసలు కదపకుండా వడ్డీ ఒక్కటే కడుతూ పోతే 30 నెలలకు 45,000. అమ్మకం డబ్బుతో అసలు తీరుస్తూ పోతే ఇంత పడదు, నిజమే. కానీ చేతికొచ్చిన డబ్బుకు షెడ్డు అద్దె, పిల్లల ఫీజులు, పండగ ఖర్చులు ముందు అడ్డొస్తాయి. మూడు నెలల సరుకు చాలు మీకు. అంటే 30 సెట్లు, 15,000 రూపాయలు. దీనికి అప్పెందుకు?

ఇక ఆ 300లో అమ్ముడుపోయేవి ఎన్ని? పనిమంతులు మీరు, మీకు చెప్పేదేముంది. అయినా డబ్బు వైపు నుంచి ఒకసారి చూడండి. పాత మారుతి 800, ఓమ్ని లాంటి బండ్లకు తాళం తిరిగితే చాలు. దొంగతాళంతో స్టార్టు కాకుండా ఆపే పరికరం, అంటే ఇమ్మొబిలైజర్, ఉన్న బండ్లలో అలా కాదు. తాళం తలలోని చిప్, ఇమ్మొబిలైజర్, ఇంజనును నడిపే కంప్యూటర్ (ఈసీఎం) మూడూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. ఒక బండి లాకూ తాళమూ తెచ్చి ఇంకో బండికి బిగిస్తే తాళం తిరుగుతుంది, ఇంజను మాత్రం స్టార్టు కాదు. చాలా చిప్పులు ఒకసారి ఒక బండికి కట్టాక మళ్ళీ వేరే బండికి పనికిరావు. కాబట్టి విడి తాళాల గుత్తులు తూకానికి తప్ప పోవు. ఇగ్నిషన్, డోర్లు, డిక్కీ లాకులు, తాళాలు, ఇమ్మొబిలైజర్, ఈసీఎం ఒకే బండివి ఒకే సంచిలో ఉంటేనే ధర పలుకుతుంది. గుజిరీ ఆయన దగ్గర కూర్చుని అలాంటివి ఎన్నున్నాయో ఏరి, వాటికే డబ్బివ్వండి. గంపగుత్తగా తీసుకోవద్దు.

మీ లెక్కలో కూలి కూడా లేదు. స్టీరింగ్ కాలమ్‌కు లాకును పట్టి ఉంచే బోల్టుల తలలు కంపెనీలో బిగించేటప్పుడే తెగిపోయేలా ఉంటాయి. వాటిని తీయాలంటే ఉలో, డ్రిల్లో తప్పదు. ఆ సేపట్లో మీరు ఇంకో బండి పని చేసుకునేవారు కదా!

లాకు వెనకుండే కరెంటు స్విచ్‌ను మాత్రం పాతది అమ్మకండి, ఎంత మిగిలినా సరే. 2014లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఈ స్విచ్ వల్లే. నడుస్తుండగానే అది ఆన్ నుంచి జారిపోయేది, ఇంజను ఆగిపోయేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది కాదు. 124 మరణాలకు ఆ కంపెనీ పరిహార నిధి నుంచి డబ్బు చెల్లించారు. అవి కంపెనీ బిగించిన స్విచ్చులు! అరిగిపోయిన పాతది మీ చేత్తో ఒక కుటుంబం బండిలో బిగించకండి.

నన్ను అన్నిటికంటే భయపెడుతున్నది సరుకు ఎక్కడిదన్నది. దొంగ సొత్తని తెలిసి గానీ, అనుమానించే కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. బిల్లు లేని లాకు చవగ్గా వచ్చిందంటే ఆ చవకే మీకు అనుమానం కలిగించాల్సింది అంటారు పోలీసులు. 2021 నిబంధనల ప్రకారం నమోదైన స్క్రాపింగ్ కేంద్రం నుంచో, ప్రమాదంలో పోయిన బండ్ల ఇన్సూరెన్స్ వేలంలోనో బిల్లుతో కొనండి. గుజిరీ ఆయన్ను కూడా బండిబండికీ ఛాసిస్ నంబరు, ఆర్‌సీ రద్దు కాగితం అడగండి. ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి. అమ్మేటప్పుడు కూడా కొనేవాళ్ళ ఆర్‌సీ నకలు తీసుకోండి. బండి పోయిందని క్లెయిము చేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు తాళాలు అడుగుతారు. వాళ్ళకు చూపించడానికి ఏదో ఒక తాళం కొనాలనుకునేవాళ్ళుంటారు. అందుకని ఒట్టి తాళం ఒక్కటే కావాలని కాగితాల్లేకుండా వచ్చేవాణ్ణి తిప్పి పంపండి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. మీరు సరుకుతోపాటు కూలీ వసూలు చేస్తారు కాబట్టి ఏడాదికి మొత్తం రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. బెంగళూరు అంగళ్ళకు సెట్లు పంపితే మాత్రం రాష్ట్రం దాటిన సరుకు కనుక మొదటి బిల్లు నుంచే కావాలి. మొదట్లో అనంతపురం, కడప, కర్నూలు షెడ్లకే ఇవ్వండి.

ముందు 15,000తో మొదలుపెట్టి, ప్రతి సెట్టు కొన్న తేదీ, అమ్మిన తేదీ, పట్టిన పని గంటలు రాసుకోండి. మూడు నెలల్లో 30కి 20 సెట్లయినా పోతే చిన్న వ్యాపారాల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుని, ఆ పుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి. చిన్న వ్యాపారులకిచ్చే ముద్ర రుణాల్లో మొదటి మెట్టయిన శిశు ముద్ర కింద 50,000 దాకా ఏ తాకట్టూ లేకుండా ఇస్తారు. పోకపోతే మీకు ఆగిపోయేది 15,000లో కొంత.