పాత అవుట్‌బోర్డ్ మోటారు బిగించే ముందు పడవ వెనక చెక్క చూడండి

పది అడుగుల ఫైబర్ పడవకి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే) మోటారు నేరుగా బిగించేయొచ్చా అని అడిగారు. ఇంజన్ గురించి అంత రాశారు గానీ పడవ వెనక చెక్క ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. నన్నడిగితే అసలు సంగతి అక్కడే ఉంది.

యానాం వైపు గౌతమి పాయలో మేం తిప్పే పడవ కూడా ఇలాంటిదే. పాత ఫైబర్ పడవల్లో వెనక భాగం పైకి ఫైబర్‌లా కనిపించినా చాలావాటికి లోపల చెక్క ఉంటుంది, ఎప్పుడో ఎవరో వేసిన బోల్టు కన్నాల్లోంచి నీళ్లు దిగి పైకేమీ తెలియకుండా లోపలే కుళ్లిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టి వినండి. టకటకమంటే పర్లేదు, మెత్తగా మొద్దుగా వినిపిస్తే లోపలి వైపు నుంచి సన్న డ్రిల్లు వేసి వచ్చే పొడి చూడండి. మాకు పొడి బదులు తడి నల్లముద్ద వచ్చింది. ఆ చెక్కంతా తవ్వి తీసేసి, మెరైన్ ప్లైవుడ్ పొరలు ఎపాక్సీతో అతికించి పైన ఫైబర్ మ్యాట్ వేయించాం. ఖర్చే, కానీ పాతిక కిలోలు దాటే ఇంజన్ బరువూ అది పడవని నెట్టే బలమూ అంతా మోసేది ఆ చెక్కే కదండీ.

తర్వాత షాఫ్ట్, అంటే ఇంజన్ నుంచి ఫ్యాను (ప్రొపెల్లర్) దాకా కిందికి దిగే కాలు పొడవు. చిన్న మోటార్లలో షార్ట్ షాఫ్ట్ 15 అంగుళాల ఎత్తు చెక్కకి, లాంగ్ షాఫ్ట్ 20 అంగుళాలకి సరిపోతుంది. మీది టేపుతో కొలవండి. ఫ్యాను పైన అడ్డంగా ఉండే రేకు పడవ అడుగు మట్టానికి గానీ, ఒక అంగుళం కిందికి గానీ రావాలి. పైకుంటే ఫ్యాను గాలి లాక్కుని ఇంజన్ అరుస్తుంది తప్ప పడవ కదలదు, మరీ కిందికుంటే మన గోదావరి ఇసుక మేటలకి తగులుతుంది.

క్లాంపు స్క్రూలు చేత్తో గట్టిగా బిగించి, కొంతదూరం తిరిగాక వణుకుకి వదులైనవాటిని మళ్లీ బిగించండి. బ్రాకెట్‌కి కన్నాలుంటే స్టెయిన్‌లెస్ బోల్టులు కూడా వేయండి, కన్నాల్లో సీలెంట్ నింపకుండా మాత్రం వద్దు. ఇంజన్‌ని పడవకి విడిగా ఒక గొలుసుతో కట్టి ఉంచండి.

ఇంజన్‌ని నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపి చూడండి, పొడిగా స్టార్ట్ చేస్తే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) పాడవుతుంది. పక్కన సన్నధారగా నీళ్లు రాకపోతే వెంటనే ఆపి, ముందు ఆ దారిలో చెత్త అడ్డుపడిందేమో చూసి తర్వాత ఇంపెల్లర్ మార్పించండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టే. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానికి పాత రబ్బరు దెబ్బతింటుంది కాబట్టి పాత పైపులన్నీ మార్చేయండి. పెట్రోల్‌లో కలిపే ఆయిల్ పాళ్లు మీ మోడల్‌ని బట్టే, కొన్నిటికి 50:1 (యాభై పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్), బాగా పాతవాటికి 25:1.

ఇంకోటి, పది అడుగులకి 8 హెచ్‌పీ ఎక్కువే. మీరొక్కరే వెనక కూర్చుంటే ముక్కు పైకి లేస్తుంది, కాబట్టి ట్యాంకు, సామాను ముందుకి జరిపి థ్రాటిల్ సగంలోపే ఉంచండి. మనిషి జారిపడితే ఇంజన్ ఆగేలా కిల్ స్విచ్ తాడు లేకపోతే పెట్టించుకోండి, లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లలో కాసేపు నడిపి కడగండి.