నూనె పెట్టేకొద్దీ చుండ్రు ఎక్కువవుతోందా? సమాధానం

నూనె తక్కువై కాదండి, ఎక్కువై. వారానికి మూడు రాత్రులు కొబ్బరినూనె దట్టంగా పట్టించి పొద్దున తలంటుకుంటున్నా దువ్వెన నిండా పొట్టు, జుట్టు ఊడుతోంది, కీటోకోనజోల్ (ఫంగస్‌ని తగ్గించే మందు) షాంపూ కూడా పనిచేయలేదు అన్నారు కదా, చుండ్రు వెనకుండే మలసీజియా అనే ఫంగస్ మాడు మీద జిడ్డు తినే బతుకుతుంది, మీరు రాత్రంతా దానికి విందు పెడుతున్నట్టే.

ఇక షాంపూ సంగతి. తప్పంతా ఇక్కడే జరుగుతుంది, నేనూ రెండు బాటిళ్లు ఇలాగే పోగొట్టా. నురగ రాగానే కడిగేస్తే మందు పనిచేసే టైమ్ ఏదీ?

1. ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలించండి.
2. 2% కీటోకోనజోల్ షాంపూ, పాయలు విడదీస్తూ వేలి కొసలతో మాడుకే పట్టించండి, జుట్టుకి కాదు. గోళ్లతో గీకొద్దు.
3. 3 నుంచి 5 నిమిషాలు అలా వదిలేయండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, తల తడిగా ఉన్నప్పుడు ఒక్క నిమిషమే ఐదు నిమిషాల్లా అనిపిస్తుంది.
4. వారానికి 2 సార్లు, 4 వారాలు. తగ్గాక వారానికో రెండు వారాలకో ఒకసారి చాలు.

ఈ నెల మాడుకి నూనె బంద్. ఇంట్లో అమ్మ ఊరుకోకపోతే తలస్నానానికి గంట ముందు జుట్టు చివర్లకి మాత్రం రాసుకోండి.

రోజుకి 50-100 వెంట్రుకలు రాలడం మామూలే, లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. గుండ్రంగా పాచెస్‌లా ఊడినా, చీము పట్టినా, నెల దాటినా తగ్గకపోయినా స్కిన్ డాక్టర్‌కి చూపించండి.