ఊరూరా తిరిగే నాటక సమాజాలపై సమీక్ష రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నల్గొండకు వచ్చే నాటక సమాజాల ప్రదర్శనలపై సమీక్షలు రాసే పనిని పత్రికవారు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ పనిలో చాలా కాలం గడిపినవాడిని కనుక నాకు తోచినవి రాస్తున్నాను. ఊరూరా తిరిగే సమాజం ఒక ఊళ్లో ఆడిన నాటకం మరుసటి ఊళ్లో అచ్చంగా అదే నాటకంగా ఉండదు. వేదిక కొలతలు మారతాయి, కరెంటు సరఫరా మారుతుంది, ఒక నటి జ్వరంతో పడుకుంటే ఆ పాత్రను ఇంకొకరు వేస్తారు. కాబట్టి నువ్వు తీర్పు చెప్పేది సమాజం చరిత్ర మీద కాదని, ఆ రాత్రి ఆ వేదికపై నువ్వు చూసినదాని మీద మాత్రమేనని ముందుగా నిశ్చయించుకో. నేను ఇక చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

వచ్చినది ఏ తరహా బృందమో వెళ్లకముందే తెలుసుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వంశస్థులు 'కీచక వధ'తో ప్రారంభించిన సురభి సంప్రదాయం కుటుంబాల మీద నడిచినది. అక్కడ తాత, మనుమరాలు ఒకే వేదిక మీద ఉంటారు. ఆడ వేషాలు మగవారే కట్టే రోజుల్లోనే వారి ఇంటి ఆడపడుచులు రంగస్థలం ఎక్కారు. పద్య నాటకాలలో కాంట్రాక్టు పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. పేరున్న నటులను వేర్వేరు ఊళ్ల నుండి పిలిపించి, ఒకే నాటకంలో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని పాత్రను పంచి ఆడిస్తారు. అటువంటి ప్రదర్శనలో సమష్టి కూర్పు లేదని పేజీ నిండా వాపోవడం వ్యర్థం, ఎందుకంటే అక్కడ జనం వచ్చింది 'రాయబారం' సీనులో ఎవరి గొంతు ఎంత దూరం పోతుందో వినడానికి. సురభివారి నాటకంలో మాత్రం ఇద్దరు నటులు ఒకరి మాట ఒకరు వినకుండా తమ వంతు కోసం ఎదురుచూస్తున్నట్లు కనిపిస్తే, అది తప్పకుండా రాయవలసిన లోపమే.

నాటకం ప్రతి దొరికితే ముందే చదువుకో. 'సత్య హరిశ్చంద్ర' చూసి వచ్చి, కాటి సీనులోని పద్యాలన్నిటికీ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిని మెచ్చుకునే సమీక్షలు నేను ఎన్నో చదివాను. ఆ సీనులో నటులు పాడే ప్రసిద్ధ పద్యాలు కొన్ని జాషువా గారివి. నాటకంలో లేనివాటిని రంగస్థలమే తెచ్చి కలుపుకున్నది. ఇది తెలిసిన సమీక్షకుడికి అతుకు ఎక్కడ పడిందో, అది అతికిందో లేదో చెప్పే వీలు ఉంటుంది.

ఇక కూర్చునే చోటు. నిర్వాహకులు నిన్ను మొదటి వరుసలో కూర్చోబెట్టడానికి ప్రయత్నిస్తారు. మర్యాదగా వద్దని చెప్పు. రంగులద్దిన తెరలు, దేవతలు దిగివచ్చే దృశ్యాలు, ఎదురెదురుగా వచ్చి ఢీకొనే అగ్నిబాణాలు దూరం నుండి చూడడానికి తయారు చేసినవి. మొదటి వరుసలో కూర్చుని తీగలు కనపడ్డాయని రాయడం విమర్శ అనిపించుకోదు. మధ్యలో కూర్చో, వీలైతే మరో రాత్రి వెళ్లి చివరి వరుసలో, పల్లెల నుండి వచ్చి చాపలు పరుచుకున్నవారి పక్కన కూర్చో. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతామంటే అది కూడా వద్దను. శాలువా కప్పుకున్న రాత్రి ఎవరూ నిజాయతీగా రాయలేరు. రాసినా చదివేవారు నమ్మరు.

సురభి మీద వచ్చిన రాతలలో నాకు ఎప్పుడూ కనిపించే లోటు ఒకటి ఉంది. మాయలను వర్ణించడంతోనే సమీక్ష ముగుస్తుంది: పొగ, మంటలు, గాలిలో ఎగిరే పాత్రలు, 'నోళ్లు వెళ్లబెట్టిన ప్రేక్షకులు'. ఆ మాయలు గొప్పవే, వాటి వెనుక తరాల కష్టం ఉంది. అయితే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న, ఆ మాయ కథకు అవసరమైన చోట వచ్చిందా అన్నది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చి కౌరవుల పెళ్లివారిని ఆటపట్టించడమే కథ కనుక అక్కడ యంత్రం, కథ ఒకటే. మాయ సరిగా పండకపోతే కథే కుంటుపడుతుంది, పండితే నటుడి పని సగం తేలిక అవుతుంది. మరొక నాటకంలో భక్తుడు గుండె కరిగి పాడుతున్నప్పుడు వెనుక ఏదో మెరిసి చప్పుడు చేస్తే, అది జనానికి నచ్చినా ఆ నటుడి నుండి సన్నివేశాన్ని లాగేసుకున్నట్లే. ఈ తేడాను ఉదాహరణతో చూపించగలిగితే నీ సమీక్ష ఆ సమాజానికి కూడా ఉపయోగపడుతుంది. కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ ఈ సురభి కుటుంబాలతో పనిచేసి, జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించినప్పుడు, మాయల నీడలో మరుగున పడిన వారి నటన, గానం ఎంత బలమైనవో చాలామంది గమనించారు. ఆ కళ్లతో 'మాయాబజార్' చూడడం అలవాటు చేసుకో. మాయల కిటుకు ఎలా పనిచేస్తుందో నీకు తెలిసిపోతే మాత్రం దయచేసి పత్రికలో రాయకు. అది వారి బతుకుదెరువు.

నటుల మాట వినపడలేదని రాసేముందు, లోపం ఎవరిదో విచారించు. మన జిల్లాలలో ఎన్నో ప్రదర్శనలు కాలేజీ మైదానాలలోనో, పెళ్లిళ్ల ఫంక్షన్ హాళ్లలోనో జరుగుతాయి. ఫంక్షన్ హాలు వేదికకు వింగులు, అంటే నటులు చాటున నిలబడే పక్క తెరలు, ఉండవు, తెరలు పైకి లేవడానికి ఎత్తు ఉండదు, మాట గోడలకు తగిలి రెండుసార్లు వినిపిస్తుంది. మైకులు చాలా చోట్ల స్థానిక సౌండ్ సిస్టం వారివి. నిర్వాహకుల ఏర్పాటులోని లోపాన్ని నటుల వాచికం (మాట పలికే తీరు) మీద మోపితే ఆ సమాజానికి అన్యాయం చేసినట్లే. నిర్వాహకులు నీకు పరిచయస్థులైనంత మాత్రాన వారిని విడిచిపెట్టడం దానికి రెండు రెట్ల అన్యాయం.

మన ప్రాంతపు ప్రేక్షకుడిని తక్కువగా అంచనా వేయవద్దు, బిడ్డా. పాలమూరు, నల్గొండ పల్లెలలో రాత్రంతా మేలుకుని యక్షగానం చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. దరువు ఎక్కడ జారిందో, వేషగాడు ఎక్కడ ఊపిరి దాచుకున్నాడో, చిందు భాగోతంలో అడుగు ఎక్కడ తప్పిందో వారికి పుస్తకం లేకుండానే తెలుసు. విరామంలో టీ బండి దగ్గర నిలబడి వారి మాటలు విను. అయితే విన్నదాన్ని నీ తీర్పుగా రాయకు. వన్స్‌మోర్ అని అరిచినంత మాత్రాన పద్యం బాగుందని కాదు, కొన్నిసార్లు గాయకుడి ఊపిరికి చప్పట్లు, కొన్నిసార్లు పాత జ్ఞాపకానికి. మళ్లీ పాడినందువల్ల సన్నివేశం ఎంత తెగిపోయిందో కూడా నువ్వే చెప్పాలి.

భాష విషయంలో మొహమాటం పనికిరాదు. వచ్చిన సమాజం మన మాటను నౌకరుకో, నవ్వించే పాత్రకో మాత్రమే కేటాయించి, నాయికా నాయకులకు వేరే యాస పెట్టి ఉంటే ఆ విషయం నేరుగా రాయి. కోపంగా కాదు, సాక్ష్యంతో రాయాలి: ఏ పాత్ర, ఏ సన్నివేశం, ఏ మాటకు ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు. తెలంగాణ రైతు పోరాటాన్ని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లోనే 'మా భూమి'గా రంగస్థలం మీదికి తెచ్చారు. మన బతుకు గంభీరమైన నాటకానికి వస్తువు కాగలదని అప్పుడే రుజువైనప్పుడు, మన మాటను నాయికా నాయకులకు ఎందుకు ఇవ్వలేదని ఈనాటి రచయితను అడగడానికి సంకోచం ఎందుకు?

రాసేటప్పుడు కొన్ని మాటలను పూర్తిగా మానుకో. 'నటించారు అనడం కన్నా జీవించారు అనడం సబబు', 'ఆద్యంతం రక్తి కట్టించింది', 'ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు' అన్నవి నాటకం చూడకుండా కూడా రాయగలిగే వాక్యాలు. వాటికి బదులుగా ఒక్క ఘట్టం ఎంచుకుని, నటి చేతులు ఏం చేశాయో, ఎక్కడ ఆగిందో, హార్మోనియం ఎప్పుడు తగ్గిందో రాయి. పత్రిక ఇచ్చే స్థలం తక్కువ కనుక, పది పాత్రలకు పది విశేషణాలు పంచడం కన్నా ఇది మేలు. 'నాటకరంగం కొన ఊపిరితో ఉంది' అన్న వాక్యం మరీ ప్రమాదకరం. ఒక్క రాత్రి ఖాళీ కుర్చీలను చూసి మొత్తం కళకు మరణవార్త రాసే హక్కు మనకు లేదు. నిజాం తెలంగాణలో కవులే లేరని ఎవరో తేలికగా రాసిన మాటకు జవాబుగా మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తీసుకురావలసి వచ్చింది. చూడకుండా తేల్చే మాటకు ఎంత ఖర్చు అవుతుందో ఆ సంచిక తిరగేస్తే తెలుస్తుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఒకే ఇంటి పేరున్న నటులు ఎక్కువ, పొడి అక్షరాలు తారుమారైతే అన్న మెప్పు తమ్ముడికి పోతుంది. కరపత్రం నమ్మకుండా, ఆ రాత్రి ఎవరు ఏ పాత్ర వేశారో నాటకం ముగిశాక మేనేజరు దగ్గర రాయించుకో. హార్మోనియం, తబలా వాయించినవారిని, తెరలు గీసినవారిని, లైట్లు చూసినవారిని కూడా అడుగు. బాలనటుల లోపాలను మాత్రం పేరు పెట్టి రాయవద్దు, దర్శకుడి పేరు మీద రాయి.

సమాజం వారు నీ సమీక్షను కత్తిరించి ఫైలులో పెట్టుకుని, తరువాతి ఊళ్లో హాలు అడిగేటప్పుడు, ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టేటప్పుడు చూపిస్తారు. అందుకని పొగడ్త పెంచనవసరం లేదు. తేదీ, ఊరు, వేదిక, నాటకం పేరు మొదటి పేరాలోనే స్పష్టంగా ఉంటే చాలు, ఏ రాత్రి గురించి రాశావో పై ఊరివారికి అర్థమవుతుంది. అచ్చయ్యాక ఎవరైనా ఫిర్యాదు చేస్తే, పేరో తేదీయో తప్పయితే మరుసటి సంచికలోనే సవరణ వేయించు. అభిప్రాయం మార్చమంటే, మళ్లీ వచ్చి ఇంకొక ప్రదర్శన చూస్తానని చెప్పి నిజంగానే వెళ్లు. మొదటి సమీక్ష చిత్తుప్రతిని పత్రికకు పంపే ముందు నాకు పంపదలచుకుంటే, నాటకం టిక్కెట్టు వెనుక నువ్వు రాసుకున్న గుర్తులను కూడా ఫోటో తీసి పంపు, వాటిలో ఏవి వదిలేశావో చూడాలని ఉంది.

ఇట్లు,
మామయ్య