ప్లాటు చూపించే ముందు మీ నంబర్ చూపించండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఇల్లు, ప్లాటు అమ్మిపెట్టేవాళ్ల గురించినవే ఎక్కువ. మూడింటికి జవాబిస్తున్నాను, మొదటిది కాస్త వివరంగా.

ప్రశ్న: నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఆదివారాలు తెలిసినవాళ్లను వెంచర్లకు తీసుకెళ్లి చూపిస్తాను. వాళ్లు ప్లాటు తీసుకుంటే కంపెనీ నాకు గజానికి ఇంత అని కమీషన్ ఇస్తుంది. సంతకాలు, డబ్బు ఏవీ నా చేతుల మీదుగా జరగవు. నాలాంటివాళ్లకు కూడా రెరా రిజిస్ట్రేషన్ కావాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కావాలి మాస్టారూ. "నేను పరిచయం మాత్రమే చేస్తాను" అనే మాట ఇక్కడ చెల్లదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం (మనం రెరా అంటున్నది) ఏజెంట్ అంటే ఎవరో చెప్పేటప్పుడు బ్రోకర్లు, డీలర్లు, మధ్యవర్తులు అందరినీ కలిపింది, కొనేవాళ్లను అమ్మేవాళ్లకు ఏ మాధ్యమంలోనైనా సరే పరిచయం చేసి అందుకు డబ్బు తీసుకునేవాళ్లనూ అందులోనే చేర్చింది. వాట్సాప్ స్టేటస్‌లో బ్రోచర్ పెట్టి ఫోన్ చేసినవాళ్లను కంపెనీకి అప్పగించి కమీషన్ తీసుకున్నా మీరు ఏజెంటే.

రిజిస్ట్రేషన్ మరీ భారమేమీ కాదు. తెలంగాణలో వ్యక్తిగా తీసుకుంటే ఫీజు 10,000 రూపాయలు, సంస్థ పేరు మీదైతే 50,000. అయిదేళ్లు చెల్లుతుంది. పాన్, ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, ఐటీ రిటర్నులతో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకసారి తీసుకుంటే రాష్ట్రమంతటికీ అదే సరిపోతుంది, భువనగిరికి ఒకటి షాద్‌నగర్‌కి ఒకటి అక్కర్లేదు. విజయవాడ పక్కన వెంచర్ చూపించాలంటే మాత్రం ఆంధ్రప్రదేశ్ రెరాలో మళ్లీ విడిగా తీసుకోవాలి. మహారాష్ట్రలో 2023 నుంచి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష కూడా పెట్టారు. ఇక్కడా అలా పెడితే మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే లింకు డాక్యుమెంటు (ఆ స్థలం అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపించే పాత దస్తావేజు) అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా జనం జీవితకాలపు పొదుపును ఒక వెంచర్‌లో పెట్టిస్తున్నారు.

ఇక మీరు అడగని విషయం ఒకటి, నన్నడిగితే అసలు భయపడాల్సింది దానికే. మీ దగ్గర నంబర్ ఉన్నా, మీరు చూపించే వెంచర్‌కి రెరా నంబర్ లేకపోతే దాన్ని అమ్మిపెట్టడం కూడా తప్పే. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఅవుట్, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న బిల్డింగ్ రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ప్రీలాంచ్ ఆఫర్ అని సగం రేటుకి అమ్మించేవి చాలావరకు ఇవే. లేఅవుట్లకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు హెచ్‌ఎండీఏ, డీటీసీపీ వాళ్లు ఇచ్చే ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబర్ వేరు, రెరా నంబర్ వేరు, ఒకటి చూపించి రెండోది ఉన్నట్టు చెప్పేవాళ్లను నమ్మకండి.

తప్పు చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ముప్ఫై లక్షల ప్లాటు అనుకుంటే లక్షన్నర, పదిహేను రోజుల్లో అక్కడికి చేరుతుంది. కంపెనీ మీకిచ్చే కమీషన్ ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి. రిజిస్టర్ అయ్యాక లెక్కలు రాసిపెట్టుకోవాలి, బుకింగ్ రోజున ప్రాజెక్టు కాగితాలన్నీ కొనేవాళ్ల చేతికి అందేలా చూడాలి, లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు, అమ్మిపెట్టిన ప్రతి ప్లాటు కాగితాల్లోనూ మీ నంబర్ వేయాలి. పాత ఇంటి రీసేల్‌కీ అద్దె ఇళ్లు చూపించడానికీ ఈ రిజిస్ట్రేషన్ నిబంధన వర్తించదు.

మీరు పిల్లలకు చదువు చెప్పే మనిషి. ఊళ్లోవాళ్లు మీ మాట మీద డబ్బు పెడుతున్నారు. నంబర్ వచ్చేదాకా సైట్ విజిట్లు ఆపేయండి.

ప్రశ్న: టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్‌4 (డిపెండెంట్ వీసా), ఈఏడీ (పని చేసుకునే అనుమతి) ఉంది. ఇక్కడ మనవాళ్లు చాలామంది ఇళ్లు కొంటున్నారు కదా, ఏజెంట్ అవుదామనుకుంటున్నాను. మావారు హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), శని ఆదివారాలు తనూ సాయం చేస్తానంటున్నారు. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు కుదురుతుందమ్మా, మీ వారికి కుదరదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు తమను స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు, కమీషన్ కూడా పనికి వచ్చిన డబ్బే. వీసాతో ఆటలొద్దు, దయచేసి ఆయన్ని దూరంగా ఉండమనండి.

మీ విషయానికొస్తే, టెక్సస్‌లో 180 గంటల కోర్సు చేయాలి, ముప్ఫై గంటల చొప్పున ఆరు సబ్జెక్టులు. వేలిముద్రలు ఇవ్వాలి, పరీక్ష పాసవ్వాలి. అంతా అయ్యాక కూడా మిమ్మల్ని స్పాన్సర్ చేసే బ్రోకర్ ఒకరు దొరికేదాకా లైసెన్స్ పనిచేయదు. అక్కడ ఏజెంట్ వేరు, బ్రోకర్ వేరు. మీ పనికి బాధ్యత బ్రోకర్‌ది, కమీషన్ కూడా ఆ బ్రోకర్ ద్వారానే మీకు రావాలి. సొంతంగా బ్రోకర్ కావాలంటే గత అయిదేళ్లలో నాలుగేళ్ల అనుభవం చూపించాలి. కాబట్టి బ్రోకర్‌ని ఎంచుకునేటప్పుడు కమీషన్‌లో ఎంత వాటా ఇస్తారన్నది ఒక్కటే కాకుండా, మొదటి కాంట్రాక్టు రాసేటప్పుడు పక్కన కూర్చుని నేర్పుతారా అని కూడా అడగండి. రేపు న్యూజెర్సీకి మారితే ఈ లైసెన్స్ అక్కడ చెల్లదు, వాళ్ల 75 గంటల కోర్సు, వాళ్ల పరీక్ష వేరే ఉన్నాయి.

ఇంకొకటి, ఫ్రెండ్స్ "ఒకరిని పంపాను, నాకూ కొంచెం ఇవ్వు" అంటారు. లైసెన్స్ లేనివాళ్లకు కమీషన్‌లో వాటా ఇవ్వడం టెక్సస్‌లో నేరుగా మీ లైసెన్స్‌కే ముప్పు. మొహమాటపడొద్దు.

ప్రశ్న: బంధువు ఒకాయన చెప్పాడని ప్లాటుకి టోకెన్ కింద రెండు లక్షలు కట్టాం. ఇప్పుడు అడిగితే ఆయనకు రెరా నంబర్ లేదట. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు టెన్షన్ పడకండి, ఇంకో రూపాయి కూడా కట్టకండి. తెలంగాణ రెరా సైట్‌లో వెంచర్ పేరు వెతకండి. అక్కడ ప్రాజెక్టు నంబర్లు పీ అక్షరంతో, ఏజెంట్ల నంబర్లు ఏ అక్షరంతో మొదలవుతాయి. వెంచర్‌కి నంబర్ ఉండి బంధువుకి మాత్రమే లేకపోతే మీ ప్లాటుకి వచ్చిన ముప్పేమీ లేదు, కంపెనీతో నేరుగా మాట్లాడి అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించుకోండి. అలా రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడిగే హక్కు వాళ్లకు లేదు. వెంచర్‌కే నంబర్ లేకపోతే డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే రెరాలో ఫారం ఎం మీద ఫిర్యాదు చేయండి. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, బ్రోచర్, ఆ బంధువు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచుకోండి. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే ఇవాళే వెళ్లి అడిగి రాయించుకోండి, మాటలు ఇంకా బాగున్నప్పుడే.