పాత ఇంజన్ సామాను ఏ ట్రాక్టరుదో తేల్చాలంటే

అబ్బాయ్,

ఉత్తరం అందింది. షెడ్డులో సామాను మొత్తం గుత్తగా కొన్నావని తెలిసి సంతోషించాను. సంచుల నిండా పిస్టన్లు, రెండు క్రాంకులు (పిస్టన్లు తిప్పే ఇరుసులు), పేరు తెలియని హెడ్డు (సిలిండర్ల మీది మూత), ఒక డీజిల్ పంపు. ఏది ఏ బండిదో తేలేదాకా ఒక్కటి కూడా తుక్కుకి వేయకు. పాత మహీంద్రా బి-275 ట్రాక్టరుని, హెచ్ఎంటీ జెటార్ ట్రాక్టరుని ఇంకా పొలంలో నడిపిస్తున్న రైతులు ఉన్నారు. వాళ్లకి సరైన క్రాంకు దొరకడమంటే మాటలు కాదు. హెచ్ఎంటీ ట్రాక్టర్ల యూనిట్టే 2016లో మూతపడింది.

ముందు ఒక జాగ్రత్త. మసి పట్టిందని వైరు బ్రష్షు, గ్రైండరు పట్టుకుని దిగకు. కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డతో తుడువు, గట్టిగా అంటుకున్నచోట చెక్కముక్కతో గీకు. మనకి కావలసిన అంకెలు ఆ మసి కిందే ఉంటాయి. పిస్టన్ నెత్తిన గుద్దిన అంకెలయితే మరీ పలచగా ఉంటాయి.

అంకెల్లో రెండు రకాలు. ఉబ్బెత్తుగా ఉన్నవి పోతపోసినప్పుడు అచ్చులోంచి వచ్చినవి. లోతుగా గుద్దినవి తర్వాత పడ్డవి. ఒకే పోత తీసుకుని వేరువేరుగా మిషనింగ్ చేసి రెండు మూడు మోడళ్లకి వాడతారు. అందుకే పోత నంబరు పట్టుకుని పార్ట్స్ పుస్తకంలో వెతికితే చాలాసార్లు దొరకదు, దొరికినా అదే బండి అనుకోవడానికి లేదు. పిస్టన్ మీద ఇండియా పిస్టన్స్ గుర్తు ఉంటే అది పిస్టన్ చేసిన కంపెనీది. ఆ కంపెనీ ఎన్నో ఇంజన్లకి పిస్టన్లు చేసింది.

నంబరు చూడగానే పలికేది ఫోర్డు సామాను ఒక్కటే. డి5ఎన్ఎన్ అని మొదలైతే, మొదటి అక్షరం దశాబ్దం: సి అంటే 1960లు, డి అంటే 1970లు, ఇ అంటే 1980లు. పక్క అంకె ఆ దశాబ్దంలో ఏడాది. తర్వాతి ఎన్ అంటే ట్రాక్టరు విభాగం. అంటే అది 1975 డిజైన్ అన్నమాట. పోతపోసింది ఆ ఏడాదే కానక్కర్లేదు. మధ్యలో వచ్చే నాలుగంకెలు ఏ భాగమో చెబుతాయి: 6015 బ్లాకు, 6303 క్రాంకు, 6250 క్యామ్ షాఫ్టు. ఇంత శుభ్రమైన పద్ధతి మిగతా పాత కంపెనీల దగ్గర నేను చూడలేదు. నీ హెడ్డు మీద ఇలాంటిదేమైనా ఉందేమో వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి చూడు.

ఇక కొలతలు. నువ్వు నేర్చుకోవలసింది ఇక్కడే ఎక్కువ. వాడిన సామాను అరిగి ఉంటుంది, లేదా ఎవరో సిలిండర్‌ని బోరు కొట్టి, క్రాంకుని గ్రైండ్ చేసి ఉంటారు. అరిగేచోట కొలిచి బండి పేరు చెప్పకూడదు. అరగని కొలత ఏదో చూసుకుని అక్కడ మొదలుపెట్టాలి.

పిస్టన్నే తీసుకో. దాన్ని కిందిభాగంలో, పిన్నుకి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే కడ్డీకి) అడ్డంగా కొలవాలి. నెత్తి దగ్గర కొలిస్తే చిన్నగా వస్తుంది. బోరుకంటే, అంటే సిలిండర్ లోపలి వ్యాసం కంటే, పిస్టన్ ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది, అదీ గుర్తుంచుకో. నెత్తిన 020, 030, 040 అని ఉంటే అన్ని థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజు, అంటే అసలు కంటే పెద్దది. అది తీసేస్తేనే అసలు సైజు తెలుస్తుంది. మహీంద్రా ఇంటర్నేషనల్ బి-275లో ఉండే బీడీ-144 ఇంజన్ బోరు మూడు అంగుళాల మూడు సూతలు (సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు), అంటే 85.7 మిల్లీమీటర్లు. దాని అన్న బీడీ-154 బోరు మూడున్నర అంగుళాలు, 88.9. రెండింటికీ స్ట్రోకు (పిస్టన్ పై నుంచి కిందికి కదిలే దూరం) నాలుగు అంగుళాలే. 144 పిస్టన్ని 40 థౌ పెంచినా 86.7 దాటదు. కాబట్టి నీ వెర్నియర్ 88 పైన చూపిస్తే అది మామూలు బి-275ది కాదని ధైర్యంగా పక్కన పెట్టు.

అలాగని బీడీ-154దని రాసెయ్యకు. పెర్కిన్స్ కంపెనీ పీ3 ఇంజన్ బోరు కూడా మూడున్నర అంగుళాలే. లారీలకి వేసిన పీ6దీ అంతే. అందుకే రెండో కొలత కావాలి: పిన్ను నడిమధ్య నుంచి పిస్టన్ నెత్తి దాకా ఎత్తు. పిన్ను రంధ్రం పై అంచు నుంచి నెత్తికి కొలిచి, రంధ్రం వ్యాసంలో సగం కలుపు. పిన్ను వ్యాసం, రింగు గాళ్లు ఎన్ని, నెత్తిన గుంట ఉందా లేదా, ఉంటే ఎంత లోతు... ఇవన్నీ ఒకే కాగితం మీద రాయి. మూడు నాలుగు కొలతలు ఒకే ఇంజన్ వైపు చూపిస్తేనే పేరు రాయాలి.

పెర్కిన్స్ పేర్లు చదవడం తేలిక. 3.152 అంటే మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు. 4.203 అంటే నాలుగు సిలిండర్లు, 203. రెండింటికీ బోరు 91.44, స్ట్రోకు 127 మిల్లీమీటర్లు. మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరులో తర్వాతి రోజుల్లో వచ్చిన మూడు సిలిండర్ల ఇంజను ఈ 3.152నే. ఇక్కడా బోరు ఒక్కటే చూస్తే మోసపోతావు.

క్రాంకు అబద్ధం చెప్పదు. జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలు) ఎన్నిసార్లు గ్రైండ్ చేసినా, పద్ధతిగా చేస్తే స్ట్రోకు మారదు. రెండు చివరలా మెయిన్ జర్నల్స్‌ని వీ-బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి తిప్పు. ఒక క్రాంకు పిన్ను అన్నిటికంటే పైకి వచ్చినప్పుడు ఒకసారి, అన్నిటికంటే కిందికి దిగినప్పుడు ఒకసారి బల్ల మీంచి ఎత్తు కొలువు. ఆ తేడాయే స్ట్రోకు. 127 వస్తే పెర్కిన్స్ వైపు వెళ్లు, 101.6 వస్తే ఇంటర్నేషనల్ వైపు. పిన్నులు ఎన్నో లెక్కపెడితే సిలిండర్లూ తేలిపోతాయి.

జెటార్ విషయంలో ఇదే అక్కరకొస్తుంది. ఆ చెకొస్లోవేకియా ఇంజనీర్లు 2011, 3011, 4011 అని రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బండ్లని ఒకే కుటుంబంగా తయారుచేశారు. బోరు అన్నిటికీ 95, స్ట్రోకు 110. పిస్టన్ చేతికొస్తే కుటుంబం తెలుస్తుంది కానీ బండి తెలియదు. అదే కుటుంబంలోని రెండు సిలిండర్ల 2511దా, మూడు సిలిండర్ల 3511దా అని అడిగితే క్రాంకే చెప్పాలి. అమ్మేటప్పుడు మాత్రం ఇది నీకు లాభం, ఒకే పిస్టన్‌కి ఇద్దరు గిరాకీలు దొరకవచ్చు.

మర (బోల్టు మీది చుట్లు) కూడా చూడు. జెటార్‌ది మిల్లీమీటర్ల మర. ఇంగ్లండు బండ్లది అంగుళాల మర. 10 మిల్లీమీటర్ల బోల్టు, మూడు సూతల బోల్టు కంటికి ఒకేలా ఉంటాయి, నట్టు ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. అక్కడ బలం పెట్టకు. పిచ్ గేజి (మర చుట్ల మధ్య దూరం చూసే పనిముట్టు) పెట్టి చూసుకో. పాత రిపేరుల్లో ఎవరైనా రంధ్రం పెద్దది చేసి వేరే మర కోసి ఉండొచ్చు కాబట్టి ఒక్క రంధ్రం చూసి తేల్చకు.

పంపు ప్లేటు మీద సీఏవీ అని ఉన్నా, మైకో అని ఉన్నా అది పంపు చేసిన కంపెనీ పేరే. కింద ఉన్న టైపు నంబరు పూర్తిగా, చుక్కలూ గీతలతో సహా ఎక్కించుకో. అది పాత పంపు షాపువాళ్లకి చూపిస్తే చెబుతారు. పంపు ఉన్న సంచిలోనే బ్లాకు ముక్క ఉందని రెండూ ఒకే ఇంజన్‌వి అనుకోకు.

గిరాకీ వచ్చి "275కి కావాలి" అంటే వెంటనే ఇవ్వకు. పాత బి-275కి నాలుగు సిలిండర్లు, ఇప్పటి 275 డీఐకి మూడు. రెండింటినీ జనం 275 అనే అంటారు. ఎన్ని సిలిండర్లని అడుగు, వీలైతే పాత ముక్క తెమ్మను. తెచ్చిన ముక్క పక్కన మనది పెట్టి కొలిచాకే డబ్బు తీసుకో. తప్పు పిస్టన్ వేసి, అది వాల్వుకి తగిలితే రైతు సీజనంతా పోగొట్టుకుంటాడు.

ఆటోనగర్‌లో ఎవరికైనా చూపించాలనుకుంటే విజయవాడ వచ్చినప్పుడు నేనూ వస్తాను. ఈలోపు ప్రతి ముక్కకీ రేకు చీటీ కట్టి కొలతలు గుద్దు, తేలనివాటికి కొలతలు మాత్రమే, పేరు వద్దు. రెండు క్రాంకుల స్ట్రోకూ కొలిచి ముందు ఆ అంకెలు నాకు పంపు. హెడ్డు సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య